మద్దెల నిజంగానే ఓడైతే?

"ఆడలేక మద్దెల ఓడు" అనే సామెతని పుట్టించినవారెవరో నాకు తెలియదు గాని, ఆ మహానుభావుడు ఆడినవాడు మాత్రం అయివుండడు. మద్దెలలు అమ్ముకునేవాడో, ఊరికే వచ్చి ముందువరసలో కూర్చున్నవాడో అయివుంటాడు. మద్దెల ఓడా కాదా అని ఒక్కసారి తట్టి చూసే ఓపిక కూడా లేకుండా, తప్పంతా ఆడేదాని కాళ్ళ మీదికి నెట్టేసి చక్కాపోయాడు.

ఈ సామెత మీద నాకింత కోపం ఎందుకొచ్చిందో చెబితే నవ్వుతారు. గోల్ఫ్ వల్ల వచ్చింది.

"హవ్వ, ఈ వయసులో గోల్ఫా!" అని ముక్కున వేలేసుకోకండి. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో బెంగుళూరు అమ్మాయి అదితీ అశోక్ చివరిదాకా పతకం కోసం పోరాడి నాలుగో స్థానంలో నిలిచినప్పుడు, మీరూ నేనూ కాఫీ చల్లారిపోతున్నా టీవీ ముందునించి లేవలేదు. ఆ ఆటే ఇది. మావారు రిటైరయ్యాక డాక్టరుగారు రోజూ నడవమన్నారు. ఉత్తినే నడవడం మగవారికి నామోషీ. ఏదో ఒక వంక ఉండాలి. ఆ వంకకే గోల్ఫ్ అని పేరు. ఆయన వెంట వెళ్ళి చెట్టుకింద కూర్చుని స్వెట్టరు అల్లుకునేకంటే నాలుగు బంతులు కొడితే పోలా అని నేనూ దిగాను. వయసు యాభై నాలుగు, ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం, రెండు కాన్పులు, ఒక మోకాలి నొప్పి. ఇదీ నా క్రీడాచరిత్ర.

గోల్ఫ్ కర్రనీ క్లబ్బు అంటారు, ఆడే చోటునీ క్లబ్బే అంటారు. మీకు గందరగోళం లేకుండా నేను కర్రని కర్రే అంటాను. కొత్తగా కొనడం ఎందుకు దండగ అని, మావారు తన పాత కర్రల సంచీ నాకు దయచేశారు. ఆయన ఐదడుగుల పదకొండంగుళాల మనిషి. చొక్కా పాతబడితే నాకిస్తే నేను వేసుకోలేనని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. కర్రల దగ్గరికి వచ్చేసరికి ఈ ఇంగితం ఇద్దరికీ లేకపోయింది.

మొదటి వారంలోనే కోచ్ తీర్పు చెప్పేశాడు. "మేడమ్, మీరు బంతి కొట్టడం లేదు, చీపురుతో ఊడుస్తున్నారు. మీ స్వింగు మరీ ఫ్లాట్. లేడీస్ అందరిదీ ఇంతే. చేతులు పైకెత్తండి!"

ఎత్తాను. మూడు నెలలు ఎత్తాను. అంతవరకు ఎడమకి పోయే బంతి కుడికి పోవడం మొదలెట్టింది. ఎడమ భుజం పట్టేసింది. రాత్రిపూట జడ వేసుకోవడానికి చెయ్యి లేవదు. ఒకరోజు ధైర్యం చేసి, "ఈ కర్ర నాకు పొడుగేమోనండీ" అన్నాను. మావారు వెంటనే సామెత విసిరారు. అక్కడున్న నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్ళు నవ్వినందుకు కాదు, వాళ్ళతో కలిసి నేనూ నవ్వినందుకే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

నాతోపాటే నేర్చుకోవడానికి వచ్చిన ఒకావిడ ఉండేవారు. ఉద్యోగస్తురాలు. మరిదిగారి కర్రలతో ఆడేవారు. ఆవిడకీ ఇదే రోగం, ఇదే మందు. "మన ఆడవాళ్ళ ఒళ్ళు ఈ ఆటకి పనికిరాదు లెండి" అని రెండో నెలలో మానేశారు. చూశారా, ఎంత సులువుగా ఒప్పేసుకున్నామో! కర్రకి ఒక అంగుళం ఎక్కువైతే ఆ నింద మన ఒంటిమీద పడింది. నేను వాదించదలుచుకున్నది దీన్ని గురించే.

అసలీ ఫ్లాట్ అంటే ఏమిటో ముందు చెబుతాను. బంతిని కొట్టేటప్పుడు కర్ర మన చుట్టూ ఒక చక్రంలా తిరుగుతుంది. ఆ చక్రం నేలమీద ఎంత వాలుగా ఉందన్నదే ప్రశ్న. మన వంటింటి భాషలో చెప్పుకుంటే, చక్రం మరీ పడుకుని తిరిగితే అది తిరగలి. మరీ నిలబడి దిగితే అది రోకలి. గోల్ఫ్‌కి కావలసింది ఈ రెంటికీ మధ్య, చెరిగేటప్పుడు పట్టుకున్న చేటలా, ఏటవాలుగా ఉండేది. తిరగలి మరీ ఎక్కువైతే కర్ర వీపు వెనక్కి పోయి చిక్కుకుంటుంది. వచ్చేటప్పుడు మరీ లోపలినుంచి వస్తుంది. బంతికి వెనకనే నేలని తవ్వుతుంది, లేదా బంతి నెత్తిమీద గీరుతుంది. బంతి ఒకసారి కుడికి నేరుగా, ఇంకోసారి ఎడమకి వంకరగా పోతుంది. కాబట్టి ఇది నిజంగా దోషమే. కోచ్ రోగాన్ని కనిపెట్టడంలో తప్పు చెయ్యలేదు. రోగం ఎక్కడినుంచి వచ్చిందో అడగలేదు, అంతే.

అతనన్న చీపురు మాటే తీసుకుందాం. చీపుర్ల సంగతి అతనికంటే మనకే ఎక్కువ తెలుసు. పొట్టి చీపురుతో వాకిలి ఊడవాలంటే నడుం వంచుతాం, చీపురు కాళ్ళ దగ్గరే ఆడుతుంది. మున్సిపాలిటీవారి పొడుగుకర్ర చీపురు చేతికిస్తే నిటారుగా నిలబడి, దూరంగా, అర్ధచంద్రాకారంలో ఊడుస్తాం. మనిషి మారలేదు, మారింది చీపురు. గోల్ఫ్‌లోనూ అదే న్యాయం. సంచీలో అన్నిటికంటే పొడుగైన డ్రైవర్ అనే కర్ర నేలతో ఇంచుమించు 60 డిగ్రీల కోణంలో వాలి ఉంటుంది. పొట్టిదైన వెడ్జి దాదాపు 64 డిగ్రీలతో మరికాస్త నిలబడి ఉంటుంది. కర్ర పొడుగైనకొద్దీ బంతికి దూరంగా నిలబడాలి. దూరంగా నిలబడ్డకొద్దీ చక్రం పడుకుంటుంది. ఐదడుగుల ఒక అంగుళం మనిషి ఆరడుగుల మనిషి కర్ర పట్టుకుంటే ఇంకేమవుతుంది? తిరగలే అవుతుంది!

ఇదేమీ నేను కనిపెట్టిన సిద్ధాంతం కాదు. 1957లో బెన్ హోగన్ అనే అమెరికన్ ఆటగాడు 'ఫైవ్ లెసన్స్' అని ఒక పుస్తకం రాశాడు. ఈ ఆటకి అదొక పెద్దబాలశిక్ష. బంతి దగ్గరినుంచి భుజాల మీదుగా వాలుగా ఒక పెద్ద గాజుపలక ఉందనుకోమంటాడు. తల ఒక్కటే ఆ పలకలోంచి పైకి వస్తుంది. కర్ర పైకి పోయేటప్పుడు ఆ గాజు పగలకూడదు. ఈ బొమ్మ ప్రతి కోచ్‌కీ కంఠోపాఠమే. కాని ఆ పలక వాలు అందరికీ ఒకటి కాదనీ, మనిషి ఎత్తునిబట్టీ, బంతికి ఎంత దూరంలో నిలబడ్డాడన్నదాన్నిబట్టీ మారుతుందనీ కూడా హోగనే చెప్పాడు. ఆ రెండోముక్క దగ్గరికి వచ్చేసరికి మన గురువులకి మతిమరుపు. ఇంతకీ హోగన్‌ది ఫ్లాట్ స్వింగే! మాట్ కూచర్ అని ఆరడుగుల నాలుగంగుళాల మనిషి ఉన్నాడు. ఆయనదీ ఫ్లాటే. 2016 ఒలింపిక్స్‌లో కంచుపతకం పుచ్చుకున్నాడు. వాళ్ళు ఫ్లాట్‌గా తిప్పితే శైలి, మనం తిప్పితే చీపురు!

"లేడీస్ అందరిదీ ఇంతే" అన్న మాటకి పెద్ద చరిత్రే ఉంది. ఆ చరిత్ర కోసం గోల్ఫ్ పుట్టింటికి, అంటే స్కాట్లండుకి వెళ్ళాలి. 1867లో సెయింట్ ఆండ్రూస్‌లో ఆడవాళ్ళ కోసం ఒక క్లబ్బు పెట్టారు. దేనికనుకున్నారు? బంతిని నేలమీద మెల్లిగా గుంటలోకి దొర్లించడానికి. దాన్ని పుట్టింగ్ అంటారు. అక్కడి ఎత్తుపల్లాలు చూసి ఆ మైదానానికి 'హిమాలయాస్' అని ముద్దుపేరు పెట్టారు. హిమాలయాలు ఎక్కించారు గాని, కర్రని భుజం దాకా ఎక్కించనివ్వలేదు. 1890లో 'బాడ్మింటన్ లైబ్రరీ' అనే ఆటల పుస్తకాల వరుసలో గోల్ఫ్ పుస్తకం వచ్చింది. అందులో లార్డ్ వెల్‌వుడ్ అనే ప్రభువు ఆడవాళ్ళు కొట్టే దెబ్బ 70, 80 గజాలకి మించకుండా ఉంటే బాగుంటుందని సెలవిచ్చాడు. వాళ్ళకి బలం లేదని కాదట. అంతకంటే దూరం కొట్టాలంటే కర్రని భుజం పైకి ఎత్తాలి. ఆనాటి ఆడవాళ్ళ దుస్తుల్లో ఆ భంగిమ శోభగా ఉండదని ఆయన బెంగ.

గమనించారా! ఆనాడు, "అమ్మా, కర్ర భుజం పైకి ఎత్తకు, బాగుండదు" అన్నారు. ఈనాడు, "అమ్మా, కర్ర భుజం పైకి ఎత్తవేం, ఊడుస్తున్నావేం" అంటున్నారు. రెండుసార్లూ కొలిచింది మనల్నే. పొడుగు పావడాని ఎవరూ కొలవలేదు, పొడుగు కర్రనీ ఎవరూ కొలవలేదు. ఆ ప్రభువుగారి మాట అచ్చయిన మూడేళ్ళకే, 1893లో, బ్రిటిష్ మహిళల ఛాంపియన్‌షిప్ మొదలైంది. లేడీ మార్గరెట్ స్కాట్ అనే అమ్మాయి ఆ పావడాతోనే వరసగా మూడేళ్ళు గెలిచింది. పాత ఫోటోల్లో చూడండి, కర్ర భుజాన్ని దాటి వీపు వెనక్కి వేలాడుతూ ఉంటుంది. అయినా పెద్దలకి జ్ఞానోదయం కావడానికి తొందరేముంది? సెయింట్ ఆండ్రూస్‌లోని రాయల్ అండ్ ఏన్షెంట్ క్లబ్బు ఆడవాళ్ళని సభ్యులుగా చేర్చుకోవడానికి ఒప్పుకున్నది 2014లో. మ్యూర్‌ఫీల్డ్ క్లబ్బువారు 2016లో కూడదని ఓటేసి, 2017లో మళ్ళీ ఓటేసి సరేనన్నారు.

సరే, మన ఊరికి వద్దాం. నా కళ్ళు తెరిపించింది మా అక్కకూతురు. డల్లాస్‌లో ఉంటుంది, అక్కడ సెలవురోజుల్లో గోల్ఫ్ ఆడుతుంది. మరిది పెళ్ళికని వచ్చి, శుభలేఖలు పంచుతూ మా ఇంటికొచ్చింది. మర్నాడు నాతో మైదానానికి వచ్చి నేను నిలబడ్డ తీరు చూసింది. ఏమీ అనలేదు. చేతిసంచీలోంచి ఒక శుభలేఖ తీసి నా కర్రతల కింద, నాకు దూరంగా ఉన్న కొసవైపు దూర్చింది. దూరింది. ఇంకొకటి దూర్చింది. అదీ దూరింది. నాలుగో శుభలేఖ కూడా పసుపు చెదరకుండా లోపలికి పోయాక, "పిన్నీ, కర్రతల మడమ నేలమీద ఉంది, కొస గాల్లో ఉంది. ఒక కార్డు దూరితే ఫరవాలేదు. నాలుగు దూరాయంటే ఈ కర్ర నీది కాదు" అంది.

అక్కడే అద్దెకిచ్చే కర్రల్లో ఆడవాళ్ళ సెవెన్ ఐరన్ ఒకటి మూలన పడి ఉంది. మగవారిదానికంటే ఇంచుమించు అంగుళం పొట్టి, కాడ తేలిక, కాస్త వంగే గుణం ఉన్నది. దానితో పది బంతులు కొట్టాను. ఆ పిల్ల ఫోనులో వీడియో తీసింది. పాత వీడియో, కొత్త వీడియో పక్కపక్కన పెట్టి చూస్తే నా ఫ్లాట్‌లో సగం ఎటుపోయిందో పోయింది! నేను ఏమీ నేర్చుకోలేదు, ఏమీ దిద్దుకోలేదు. బంతికి రెండంగుళాలు దగ్గరికి వచ్చి నిలబడ్డాను, అంతే. మూడు నెలలు నా భుజాన్ని దిద్దినవాళ్ళు అంగుళం కాడని దిద్దలేకపోయారు.

మిగతా సగమో? అది నాదే. అది కర్ర మీదికి నెడితే నేనూ ఆ సామెతలో చిక్కుకున్నట్టే. ఆ సగం ఎలా దిద్దుకున్నానో చెబుతాను. ఎప్పుడైనా మీకో, మీ కోడలికో పనికొస్తుంది.

మొదటిది నిలబడటం. నడుం దగ్గర కాదు, తుంటి దగ్గర వంగాలి. చేతులు భుజాల కిందికి బరువుగా వేలాడాలి. కర్ర పిడికీ తొడకీ మధ్య ఒక పిడికిలి, పైన బొటనవేలు పట్టేంత చోటుంటే చాలు. రెండోది మొదటి కదలిక. కుడిచేతివాటం వాళ్ళు కర్రని వెనక్కి తీసేటప్పుడు చాలామంది మణికట్టు తిప్పేసి కర్రతలని వీపు వెనక్కి లాగేస్తారు. తిరగలి అక్కడే మొదలవుతుంది. కర్ర తొంటి ఎత్తుకి వచ్చేదాకా దాని తల చేతులకంటే లోపలికి పోకూడదు. మూడోది, ఎడమచెయ్యి నేలకి సమాంతరంగా వచ్చినప్పుడు ఆగి చూసుకోవడం. కర్ర పిడికొస ఇంచుమించు బంతి ఉన్న గీత వైపు చూడాలి. బంతిని దాటి దూరంగా చూస్తోందంటే ఇంకా తిరగలే. మన కాళ్ళవైపు చూస్తోందంటే రోకలి. నాలుగోది భుజాలు. మరీ బల్లపరుపుగా తిరగకూడదు, ఎడమ భుజం గడ్డం కిందికి దిగుతూ తిరగాలి.

ఇంట్లో అభ్యాసానికి గోడని మించిన గురువు లేదు. గోడకి వీపు పెట్టి, అడుగు ముందుకి జరిగి, చాలా మెల్లిగా కర్ర వెనక్కి తియ్యండి. మొదట్లోనే కర్రతల గోడకి తగిలిందంటే మీరు చుట్టూ తిప్పుతున్నారన్నమాట. మా హాలు గోడకి రెండు మచ్చలు పడ్డాయి, కాలెండరు తగిలించేశాను. మైదానంలో అయితే బంతి పాదాలకంటే పల్లంలో ఉండేలా వాలులో నిలబడి కొట్టండి. ఆ వాలే మీ స్వింగుని కాస్త నిలబెడుతుంది.

"చేతులు పైకెత్తండి" అన్న మందు ఎందుకు వికటించిందో ఇప్పుడు తెలిసింది కదూ? భుజాలు తిరగకుండా చేతులు మాత్రం ఎత్తితే, దిగేటప్పుడు కర్ర బయటినుంచి అడ్డంగా నరుకుతుంది. బంతి కుడికి పోతుంది. తిరగలి మాన్పించబోయి రోకలి అంటించారు. పైపెచ్చు భుజం నొప్పి.

"గొప్పవాళ్ళు ఏ కర్రతోనైనా ఆడతారు. స్పెయిన్ ఆటగాడు సెవె బాలెస్టరోస్ చిన్నప్పుడు ఒకే ఒక్క త్రీ ఐరన్‌తో సముద్రపు ఒడ్డున ఆట నేర్చుకోలేదా?" అని మావారి వాదం. నేర్చుకున్నాడు, కాదనను. ఆ పిల్లవాడికి రోజంతా ఉంది, సముద్రమంత ఇసక ఉంది, అన్నిటికీ మించి పసితనం ఉంది. నాకున్నది నీళ్ళ పంపు వచ్చే వేళకీ పనిమనిషి వచ్చే వేళకీ మధ్య గంటన్నర, వారానికి రెండు రోజులు. మహామేధావులు ఓటి మద్దెలతోనూ గెలుస్తారని చెప్పి మామూలువాళ్ళకి ఓటి మద్దెల అంటగట్టడం ఎక్కడి న్యాయం?

ఇది గోల్ఫ్ ఆడే నలుగురు ఆడవాళ్ళ గొడవేననుకోకండి. మా పాత ఇంట్లో వంటగట్టు, కట్టిన మేస్త్రీ నడుం ఎత్తుకి కట్టాడు. ఇరవై ఏళ్ళు మునివేళ్ళ మీద నిలబడి కూర కలిపాను. చెయ్యి కాలినప్పుడల్లా మా అత్తగారు "నీకు ఒడుపు లేదే" అనేవారు. నాకూ అలాగే అనిపించేది. బస్సులో పైకమ్మీ అందక తూలిపోతే "సరిగ్గా నిలబడమ్మా" అంటాడు కండక్టరు. ఏదైనా కుదరకపోతే మనం ముందు మన ఒంటినే తప్పుపట్టుకుంటాం. అది వినయం అనుకుంటాం. అది వినయం కాదు, కొలత తెలియకపోవడం.

కాబట్టి గురువులకి నా మనవి ఒక్కటే. ఆడమనిషి స్వింగు దిద్దబోయే ముందు ఆమె చేతిలో ఉన్నదాన్ని కొలవండి. కొత్త కర్రలే కొనాలని లేదు. పాతవాటి కాడ కొంత కోయించవచ్చు. కాకపోతే కోస్తే కాడ బిర్రుగా తయారవుతుంది, తేలిక కాడ వేయించుకుంటే మేలు. సాగగొట్టి చేసిన ఇనపతలలైతే వాటి వాలు ఒకటి రెండు డిగ్రీలు వంచి సరిచేస్తారు. ఇంతా చేశాక కూడా ఫ్లాట్‌గానే తిప్పుతుంటే అప్పుడు చెప్పండి, వింటాం, దిద్దుకుంటాం.

నేను మావారి సెవెన్ ఐరన్ ఒక అంగుళం కోయించాను. ఇంట్లో వారంరోజులు మౌనవ్రతం జరిగింది. నా భుజం నొప్పి తగ్గింది, బంతి మాత్రం ఇంకా అప్పుడప్పుడూ ఎడమకి పోతుంది. అది నా సగం, దాని పని పడుతున్నాను.

మానేసిన ఆ ఉద్యోగస్తురాలికి ఫోను చేశాను. "మీ ఒంట్లో ఏ లోపమూ లేదు, ఒక్కసారి రండి. వచ్చేటప్పుడు ఇంట్లో పాత శుభలేఖలేమన్నా ఉంటే పట్టుకురండి" అన్నాను. నాకు మతి పోయిందనుకున్నారేమో, అయినా పోయిన శుక్రవారం వచ్చారు. మరిదిగారి కర్ర కింద మూడు శుభలేఖలు దూరాయి. ఆవిడ కర్రకేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూసి కళ్ళు తుడుచుకున్నారు. పక్కన మావారు సామెత చెప్పడానికి నోరు తెరిచారు గాని, కోచ్ అప్పటికే టేపు కోసం లోపలికి పరుగెత్తడం చూసి ఊరుకున్నారు.